ఆకాశంలో తగ్గిన డెబ్బై రెండు కిలోమీటర్లు

ఆమెకి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. విమానం టిక్కెట్లు అమ్మే ఆ ఆఫీసులో ఓనరు దగ్గర్నుంచి నేల తుడిచే మనిషి దాకా అందరికీ ఆమె కిలోమీటరక్క. వాళ్ళని చూసి వచ్చేపోయే జనం కూడా అలాగే పిలిచేవారు. అందుకామె ఒక్కనాడూ నొచ్చుకోలేదు సరికదా, కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా మర్యాదకి మేడమ్ అంటే, ఎవరిని పిలుస్తున్నారో అని వెనక్కి తిరిగి చూసేది.

ఆఫీసు పెద్దదేమీ కాదు. మందుల షాపుకీ కళ్ళజోళ్ళ షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక గది, మూడు కౌంటర్లు, వీధివైపు అద్దం మీద ఎండకి వెలిసిపోయిన విమానం బొమ్మ. ఆమె కుర్చీ వెనక గోడకి దుప్పటంత అట్ట ఒకటి వేలాడుతూ ఉండేది. దాని మీద అడ్డంగానూ నిలువుగానూ ఎయిర్‌పోర్టుల పేర్లు. రెండు పేర్లు కలిసే గడిలో వాటి మధ్య దూరం, ఆమె చేతిరాతతో. కంప్యూటర్లు వచ్చి ఇన్నేళ్ళయినా ఓనరు ఆ అట్టని తీయించలేకపోయాడు. తీయిద్దామని ఒకసారి నోరు తెరిచాడట. ఆమె చూసిన చూపుకి, తెరిచిన నోటితో టీ తెప్పించమని చెప్పి ఊరుకున్నాడట.

నిజానికి ఆ అట్ట ఆమెకి అక్కర్లేదు. అదంతా కంఠతా వచ్చు. ఎవరైనా రెండు ఊళ్ళ పేర్లు చెప్పి కుర్చీ లాక్కునేలోపు, వాటి మధ్య దూరం వాళ్ళ చెవిన పడేది. ప్రయాణం ఎంతసేపన్నదానికి ఆమె సొంత సూత్రం ఒకటుంది. కిలోమీటర్లని ఎనిమిది వందలతో భాగించాలి, పైకి లేవడానికీ కిందికి దిగడానికీ కలిపి అరగంట చేర్చాలి. కంపెనీవాళ్ళు అచ్చేసిన టైముకీ ఆమె నోటిలెక్కకీ ఎప్పుడైనా తేడా వస్తే, జనం ఆమె మాటే నమ్మేవారు. ఒకాయన మరీ అమాయకంగా, విమానంలో నిద్రపోతే ప్రయాణం ఎంతసేపు పడుతుందని అడిగాడు. పైలట్ కూడా నిద్రపోతేనే తేడా వస్తుంది, మీ ఒక్కరు పడుకుంటే ఏం కాదు అంది, మొహంలో నవ్వన్నది లేకుండా.

ఇంత కచ్చితం ఆమెకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆఫీసులో ఎవరికీ తెలియదు. అది చదువుతో వచ్చింది కాదు, తమ్ముడితో వచ్చింది. ఆమెకి పంతొమ్మిదేళ్ళప్పుడు అమ్మా నాన్నా ఒకే ఏడాదిలో పోయారు. చేతిలో మిగిలింది పన్నెండేళ్ళ తమ్ముడు. ఆమె ఈ ఆఫీసులో చేరి వాణ్ణి చదివించింది. వాడికి ఒక జబ్బు ఉండేది, జబ్బు అనే అనాలి దాన్ని: అక్క ఇంటికి రాకపోతే అన్నం ముట్టడు, లోపలికి రాడు, మెట్ల మీదే కూర్చుంటాడు. ఆరుంబావుకి వస్తానని చెప్పి ఒకసారి గంట ఆలస్యమైతే, వాడు ఆ గంటా వానలో తడుస్తూ కూర్చుని వారం రోజులు జ్వరంతో మూలిగాడు. పక్కింటావిడ గొడుగు పట్టుకుని వచ్చి లోపలికి రమ్మని బతిమాలినా, మా అక్క ఆరుంబావు అంది అని అక్కణ్ణుంచి కదలలేదట. ఆ వారం రోజులూ తడిగుడ్డ వేస్తూ ఆమె నిర్ణయించుకుంది, ఇంక వీడికి తప్పుడు టైము చెప్పకూడదని. చెప్పలేదు కూడా. వాడికి చెప్పనిది ఊళ్ళోవాళ్ళకి ఎందుకు చెబుతుంది?

తమ్ముడు పెద్దవాడై, దేశానికి ఆ చివర ఓడరేవు ఉన్న ఊళ్ళో క్రేను నడిపే పనిలో చేరాడు. నలభై ఐదేళ్ళు వచ్చినా ఆమెకి చిన్నోడే. పెళ్ళి ఊసెత్తితే నవ్వేసి మాట మార్చేసేవాడు. వారానికోసారి ఫోను చేసి, ఆ రోజు ఎంత బరువులు ఎత్తాడో చెప్పేవాడు. ఆమె ఎంత దూరాలకి ఎంతమందిని పంపించిందో చెప్పేది. ఎదురుబొదురుగా చూసుకుని మాత్రం పదకొండేళ్ళయింది. ఆ ఒక్కసారీ వాడే వచ్చాడు.

ఆమె ఎందుకు వెళ్ళలేదని మీరు అడగొచ్చు. అడిగినవాళ్ళందరికీ ఆమె ఒక్కో కారణం చెప్పేది. ఆఫీసులో సెలవు దొరకదు, అత్తగారు మంచం మీద ఉంది, ఆయనకి వంట రాదు. మిఠాయి కొట్టులో ఉన్నవాడికి మిఠాయి మీద మనసు పోదు అనేది ఒక్కోసారి. ఇవన్నీ పైపై మాటలు. అసలు సంగతి భయం. ముప్పై మూడేళ్ళుగా లక్షల కిలోమీటర్ల దూరాలకి మనుషుల్ని ఎక్కించిన ఆ మనిషి ఒక్కసారి కూడా విమానం ఎక్కలేదు. ఆమె భర్త మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు. ఈ సంగతి తెలిసింది ఆయనొక్కడికే. తెలిసీ ఎవరి దగ్గరా బయటపెట్టలేదు, ఆయన మంచితనం.

ఎనిమిది నెలల కిందట తమ్ముడి ఊళ్ళో ఎయిర్‌పోర్టు మారింది. పాతది ఊళ్ళోనే ఇళ్ళ మధ్య ఉండేది. దాన్ని మూసేసి, ఊరికి ఇవతల, ఖాళీ నేలల్లో కొత్తది కట్టారు. సర్క్యులర్ వచ్చిన రోజునే ఆమె స్టూలెక్కి అట్ట మీద ఆ గడి వెతికి, 1612 కొట్టేసి, ఎర్ర పెన్నుతో 1540 అని వేసింది. డెబ్బై రెండు తగ్గింది. ప్రయాణంలో ఐదు నిమిషాలు కలిసొచ్చాయి. ఆ సాయంత్రం తమ్ముడికి ఫోను చేసి, నువ్వు నాకు డెబ్బై రెండు కిలోమీటర్లు దగ్గరయ్యావురా అని చెప్పింది. వాడు పగలబడి నవ్వాడు. ఇంకో ఇరవై ఎయిర్‌పోర్టులు కట్టిస్తే మీ ఇంటి గుమ్మంలోనే దిగిపోతానన్నాడు.

తర్వాత ఒకరిద్దరు అటు వెళ్ళి వచ్చి, కొత్త ఎయిర్‌పోర్టు నుంచి ఊరు చాలా దూరమండీ అని సణిగారు కూడా. మా టిక్కెట్టు దూరం తగ్గింది కదండీ, రోడ్డు సంగతి రోడ్డువాళ్ళని అడగండి అని నవ్వుతూ పంపించేసింది. ఆమెకి తెలియక కాదు. తెలుసు. కానీ ఆమె ప్రపంచం ఒక ఎయిర్‌పోర్టు తలుపు దగ్గర మొదలై ఇంకో ఎయిర్‌పోర్టు తలుపు దగ్గర అయిపోతుంది. ఆ తలుపు అవతల రోడ్లుంటాయనీ, వాటి మీద మనుషులు ఇళ్ళకి వెళ్ళాలనీ ఆమె ఎన్నడూ లెక్క కట్టలేదు. ఎవరూ ఆమెని అది అడగనూ లేదు.

ఆ రోజు పొద్దున్న ఎనిమిదీ నలభైకి, ఆఫీసు షట్టరు ఎత్తుతుండగా తమ్ముడు ఫోను చేశాడు. వారం మధ్యలో వాడు ఎప్పుడూ చెయ్యడు. గొంతు వాడిదే గానీ మాటకీ మాటకీ మధ్య ఊపిరి ఆగుతోంది. తెల్లవారుజామున క్రేను మీద ఉండగా వీపులో ఎవరో కత్తి దింపినట్టయిందట, తోటివాళ్ళు కిందికి దింపి ఆస్పత్రిలో చేర్చారట. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం గోడ లోపల చీలింది అన్నారట. ఆపరేషన్ చెయ్యాలి, గంట గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది అన్నారట. ఇదంతా వాడు, క్రేనులో ఏదో బోల్టు ఊడిందన్నట్టు చెప్పాడు.

"ఆపరేషన్ ఎప్పుడురా?"

"సాయంత్రం అనుకుంటున్నారు. పెద్ద డాక్టరు వేరే ఆపరేషన్‌లో ఉన్నాడు. నువ్వు రాగలవా అక్కా? నిన్ను చూసి లోపలికెళ్తాను."

ఆమె వస్తానా రానా అని ఆలోచించలేదు. భయం అన్నది ఎటు పోయిందో కూడా చూసుకోలేదు. షట్టరు సగం ఎత్తి, సగం దాని కిందే నిలబడి, మనసులో లెక్క కట్టింది. పన్నెండూ యాభైకి విమానం ఉంది. పదిహేను వందల నలభై, ఎనిమిది వందలతో భాగిస్తే గంటా యాభై ఐదు, అరగంట కలిపితే రెండుగంటలా ఇరవై ఐదు. మూడుంబావుకి దిగుతుంది. బయటికి రావడానికి పావుగంట. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి అరగంట. ఆ అరగంట ఆమె సొంతం కాదు, ఎన్నేళ్ళుగానో అటు వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పగా చెప్పగా బుర్రలో నాటుకుపోయింది. పైన ఇంకో అరగంట ఎందుకైనా మంచిదని వేసుకుంది.

"నాలుగున్నరకల్లా నీ ముందుంటాను."

"నాలుగున్నర," అన్నాడు వాడు, ఆ మాట జేబులో వేసుకున్నట్టు. "సరే అయితే."

టిక్కెట్టు ఓనరే స్వయంగా తీశాడు. భర్త స్కూటరు మీద ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళాడు. దిగాక ఆమె శాలువా సరిగ్గా కప్పి, కళ్ళు మూసుకుని కూర్చో, అదే దించేస్తుంది అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకోలేదు. విమానం నేల వదిలినప్పుడు ముందు సీటు రెండు చేతులతో పట్టుకుని గడియారం చూస్తూ కూర్చుంది. ఇంకెవరైనా అయితే దేవుణ్ణి తలుచుకుందురు. ఆమెకి వచ్చింది భాగహారమే, అదే చేసింది. నిమిషానికి పదమూడు కిలోమీటర్లు. ఇప్పుడు వాడికి వెయ్యి దూరంలో ఉన్నాను. ఇప్పుడు ఎనిమిది వందల డెబ్బై. మేఘం అడ్డొచ్చినా, నీళ్ళు తాగుతారా అని అడిగినా ఆ లెక్క ఆపలేదు. ఆపితే వాడికేదో అవుతుందన్నట్టు పట్టుకుని కూర్చుంది. దూరం తరిగేకొద్దీ ఆమెకి కాస్త ఊపిరాడింది. రెండు వందల దగ్గర, వాడు కనపడగానే ఏమనాలో కూడా అనుకుంది. ముందు తిట్టాలి. వీపు నొప్పి ఎన్నాళ్ళ నుంచి దాచావురా అని తిట్టి, తర్వాత ఏడవాలి.

మూడుంబావుకి చక్రాలు నేలని తాకాయి. నిమిషం తేడా లేదు. అంత దిగుల్లోనూ ఆమెకి చిన్న గర్వం కలిగింది. ఆ గర్వాన్ని ఆమె తర్వాత ఎన్నడూ క్షమించుకోలేదు.

ఫోను తెరిస్తే తమ్ముడి నంబరు నుంచి అందుకోని కాల్స్ మూడు. చేతి సంచీ భుజాన వేసుకుని, జనాన్ని తోసుకుంటూ నడుస్తూనే చేసింది. ఎత్తింది వాడు కాదు, వార్డు నర్సు.

"వాళ్ళక్కగారా? ఎక్కడున్నారమ్మా?"

ఇప్పుడే దిగాననీ, చెప్పినట్టు నాలుగున్నరకల్లా వస్తాననీ, వాడికెలా ఉందనీ ఒక్క గుక్కలో అడిగింది. నర్సు వరండాలోకి వచ్చినట్టుంది, గొంతు తగ్గించింది. ఆపరేషన్ థియేటరు రెండు గంటలకే సిద్ధమైందట. సర్జన్ మూడుసార్లు వచ్చి వెళ్ళాడట. కాగితం మీద సంతకం పెట్టమంటే ఈయన పెట్టడట. మా అక్క నాలుగున్నరకి వస్తుంది, ఆమె లెక్క ఎప్పుడూ తప్పదు, ఆమె వచ్చాకే అంటాడట. తెలివిలో ఉన్న మనిషిని సంతకం లేకుండా ఎలా తీసుకెళ్తారు? బీపీ పడిపోతోందట.

"నాలుగున్నర దాకా కూడా ఆగేట్టు లేదంటున్నారు సర్జన్ గారు. మీరు కాస్త త్వరగా రాగలరా అమ్మా?"

ఆమె కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి గానీ తల పనిచెయ్యడం మానేసింది. సాయంత్రం అన్నాడే. నిన్ను చూసి లోపలికెళ్తాను అంటే ముద్దుమాట అనుకుంది గానీ, పట్టు అనుకోలేదు. వాడి ఉడుంపట్టు ఆమెకి తెలియంది కాదు. మెట్ల మీద కూర్చున్న పన్నెండేళ్ళ వాడే ఇప్పుడు మంచం మీద కూర్చుని ఉన్నాడు, అంతే తేడా.

తలుపులు తెరుచుకుని బయటికి వచ్చింది. ఎదురుగా ఊరు లేదు. పొడుగాటి ఖాళీ రోడ్డు, దానికి రెండు పక్కలా ఎండిన నేల, దూరంగా కరెంటు స్తంభాలు. వరసలో ముందున్న టాక్సీ తలుపు తనే తీసుకుని కూర్చుని ఆస్పత్రి పేరు చెప్పింది. ఎంతసేపట్లో చేరుస్తావు బాబూ అని అడిగింది. డ్రైవరు వయసు మళ్ళిన మనిషి. అద్దంలోంచి చూసి, రెండున్నర గంటలమ్మా అన్నాడు.

ఆమెకి అర్థం కాలేదు. అరగంటే కదా అంది.

"అది పాత ఎయిర్‌పోర్టమ్మా. ఇక్కణ్ణుంచి రోడ్డు మీద ఎనభై ఆరు కిలోమీటర్లు. పైగా వంతెన పని జరుగుతోంది, ఒక వైపే వదులుతున్నారు."

అప్పుడు ఆ ఎర్ర పెన్ను అంకె ఆమె కళ్ళ ముందుకి వచ్చింది. ఆకాశంలో తగ్గిన డెబ్బై రెండు కిలోమీటర్లు ఎక్కడికీ పోలేదు. నేల మీదే ఉన్నాయి, వంకర్లు కలుపుకుని ఎనభై ఆరై, ఆమెకీ తమ్ముడికీ మధ్య పడుకుని ఉన్నాయి. విమానానికి ఐదు నిమిషాల దూరం. ఆ ఐదు నిమిషాలు మిగిలాయని ఆమె సంబరపడింది, వాడికి ఫోను చేసి మరీ చెప్పింది. ముప్పై మూడేళ్ళుగా ఒక్కరికీ తప్పు టైము చెప్పని మనిషి చెప్పక చెప్పక ఒక తప్పు చెప్పింది, అదీ వాడికి, అదీ ఈ రోజు. వాడు ప్రాణాన్ని ఆ మాట మీద పెట్టుకుని కూర్చున్నాడు.

వేరే దారి ఉందా అని అడిగింది. లేదన్నాడు. రైలు? ఇటు రైలు లేదు. ఇంకా వేగంగా? ఎంత వేగంగా వెళ్ళినా వంతెన దగ్గర ఆగాలమ్మా, ఎగరలేం కదా అన్నాడు, వెటకారంగా కాదు, బాధగానే. అప్పటికే కారు బయల్దేరదీశాడు.

ఆమె ఫోను చేతిలో పట్టుకుని చూస్తూ కూర్చుంది. నిజం చెబితే ఏమవుతుంది? ఆరింటికి గానీ రాలేను, నువ్వు సంతకం పెట్టి వెళ్ళిపో అంటే వాడు వెళ్తాడా? వెళ్ళడు. ఆరింటికి వస్తానంది కదా, ఆరుదాకా ఉంటానంటాడు. తిట్టినా ఉంటాడు, ఏడ్చినా ఉంటాడు. వాన కూడా కదిలించలేకపోయిన వాణ్ణి ఫోనులో మాట ఏం కదిలిస్తుంది? వాణ్ణి లేపడానికి ఆమెకి తెలిసిన ఉపాయం ఒక్కటే. అక్క రావాలి.

మూడూ నలభైకి ఫోను చేసింది. వాడికే ఇవ్వమంది. కారు చప్పుడు వినపడకుండా డ్రైవరుని పక్కకి ఆపమని సైగ చేసింది. ఆయన ఇంజను కూడా ఆపేశాడు.

"అక్కా, దిగావా?"

వాడి గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"దిగడమేంట్రా, వచ్చేశాను. కిందే ఉన్నాను, మీ ఆస్పత్రి వాకిట్లో."

"అప్పుడేనా? నాలుగున్నర అన్నావు కదా."

"గాలి వాటంగా ఉంది. ముందే దించేశాడు."

"మరి పైకి రా."

"రానివ్వడం లేదురా. ఆపరేషన్‌కి వెళ్ళేవాళ్ళ దగ్గరికి బయటి బట్టలతో రాకూడదట. బతిమాలుతుంటే టైము పోతోంది. నువ్వు వెళ్ళిరా, వచ్చాక చూస్తాను."

వాడు నమ్మలేదు. నమ్మలేదని ఆమెకి తెలుస్తూనే ఉంది. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి, నర్సుగారూ, మా అక్క కింద ఉందా అని అడగడం వినపడింది. ఆ నర్సుకి తెలుసు, పావుగంట కిందట ఈవిడ విమానం దిగింది. ఎయిర్‌పోర్టు ఎంత దూరమో ఆ ఊరిదానికి తెలియదా? ఒక్క క్షణం గదిలో ఎవరూ మాట్లాడలేదు. అంత పొడుగు క్షణాన్ని ఆమె ఏ సూత్రంతోనూ కొలవలేకపోయింది.

"ఉన్నారండీ," అంది నర్సు. "కింద కూర్చోబెట్టాం."

వాడు మళ్ళీ ఫోను దగ్గరికి వచ్చాడు. గొంతులో నవ్వు ఉంది.

"మొదటిసారి లెక్క తప్పావక్కా. యాభై నిమిషాలు."

"తప్పానురా," అంది ఆమె. "లెక్క తప్పాను."

"సరే, కాగితం ఇమ్మంటాను. నువ్వు అక్కడే ఉండు, ఎటూ పోకు."

"ఎక్కడికీ పోను."

ఫోను పెట్టేశాక ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. డ్రైవరు కారు తీశాడు. వంతెన దగ్గర నలభై నిమిషాలు ఆగారు. ఆయన దిగివెళ్ళి జెండా పట్టుకున్న మనిషితో ఏదో చెప్పి చూశాడు, చేతులు జోడించాడు కూడా, ఎదురు బళ్ళు అయ్యేదాకా కుదరదన్నారు. మళ్ళీ కదిలాక ఆమె రోడ్డు పక్క కిలోమీటరు రాళ్ళ మీద అంకెలు చదువుతూ కూర్చుంది. అరవై ఒకటి. అరవై. భాగించడానికి ఏమీ తోచలేదు. పైనుంచి అంత చిన్నగా కనపడే నేల, కింద ఇంత ఉంటుందని ఆమెకి ఎవరు చెప్పారు? ఎందరో చెప్పారు. ఆమే వినలేదు.

ఆస్పత్రి గేటు దగ్గరికి చేరేసరికి ఆరూ పది. వాకిట్లో ఒక నర్సు నిలబడి, లోపలికి వచ్చే ప్రతి బండిలోకీ తొంగి చూస్తోంది. పై అంతస్తులో ఉండాల్సిన మనిషి కింద ఎందుకుందో, కారు దిగకముందే ఆమెకి తెలిసిపోయింది.

సర్జన్‌తో మాట్లాడించారు. ఆయన ఇంకా ఆకుపచ్చ బట్టల్లోనే ఉన్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మత్తు ఇచ్చి, కోత పెట్టేలోపే లోపల చీలిక పూర్తిగా పగిలిందనీ, చెయ్యగలిగిందంతా చేశామనీ, ఐదు కాకముందే పోయాడనీ చెప్పాడు. ఆమె అంతా విని ఒకటే అడిగింది. రెండు గంటలకే లోపలికి వెళ్ళి ఉంటే బతికేవాడా? ఆయన తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"అది లెక్కగట్టి చెప్పలేమమ్మా," అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆమె ఎవరికీ ఇవ్వని జవాబు అది. వాణ్ణి చూపించారు. మొహం మీది దుప్పటి తీసి, పదకొండేళ్ళలో వచ్చిన తెల్ల వెంట్రుకలు వేళ్ళతో వెనక్కి దువ్వింది. తిట్టాలనుకున్నవి ఏవీ నోటికి రాలేదు.

కిందికి దిగాక నర్సు ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. ఏదో చెప్పాలనీ, చెప్పలేకా నలిగి, చివరికి చెప్పింది. స్ట్రెచరు మీద తీసుకెళ్తుంటే లిఫ్టు దగ్గర కిటికీ వస్తుందట. అక్కడ ఆపమన్నాడట. తల ఎత్తకూడదన్నా వినకుండా ఎత్తి కిందికి చూశాడట.

"వాకిట్లో మందుల కౌంటరు దగ్గర ఎవరో ఒకావిడ నిలబడి ఉందమ్మా. అదిగో మా అక్క, బాగా చిక్కిపోయింది అన్నారు. చెయ్యి ఊపారు. ఆవిడ ఎవరనుకుందో ఏమో, పైకి చూసి ఆవిడా ఊపింది. ఇంక ఆయన పడుకుని, పదండి అన్నారు. నవ్వుతూనే వెళ్ళారు."

ఆమె నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"ఎక్కడ నిలబడింది ఆవిడ?"

నర్సు చూపించింది. మందుల కౌంటరు మూసేశారు, అక్కడ ఎవరూ లేరు. ఆమె లేచి వెళ్ళి, నర్సు వేలు చూపించిన చోటు నుంచి ఒక అడుగు అటూ ఇటూ జరిగి సరిచూసుకుని, నాలుగో అంతస్తులో లిఫ్టు పక్కన కిటికీ కనపడేలా నిలబడింది. పైకి చూసి చెయ్యి ఊపింది. లోపలికి వచ్చి కూర్చోమని నర్సు పిలిచింది, శాలువా పట్టుకుని మెల్లగా లాగింది కూడా. ఆమె రాలేదు. ఎక్కడికీ పోనని చెప్పాను కదమ్మా అంది.